రొయ్యల తొట్టిలో రంగుచేపలు

రొయ్య యనగానే మన మెట్టప్రాంతపు రైతులకు నెల్లూరు, కృష్ణా, గోదావరి జిల్లాల చెఱువులును, అచ్చటివారి లాభనష్టములును జ్ఞప్తికి వచ్చును. మేమిచ్చట వ్రాయబూనినది ఆ రొయ్యను గూర్చి కాదు. ఇంటిలో గాజు తొట్టియందు పెంచదగినదియు, అంగుళమునకు కొంచెము మించి పెరుగనిదియు, తినుటకు గాక చూచుటకై జనులు కొనునదియు నగు ఎఱ్ఱని మంచినీటి రొయ్య యొకటి కలదు. వర్తకులు దీనిని చెర్రీ రొయ్య యందురు. ఈ రొయ్యకు తోడుగా ఏ చిన్న రంగుచేపలను విడువవచ్చును, వేనిని విడువరాదు అను సంగతి తెలియక పెట్టుబడి పోగొట్టుకొనువారు పలువురు. కావున ఆస్పరి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల నీటికిని, ఎండకును తగినట్లు ఈ విషయమును సభ్యులకు విశదపఱచ దలచితిమి.

ఇది కేవలము వేడుక మాట కాదు. 2020వ సంవత్సరమున ఆరంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటియందు రంగుచేపలు పెంచువారికొఱకు 3 లక్షల రూపాయల వ్యయముగల యూనిటు నొకదానిని నిర్ణయించి, అందు సామాన్యులకు నూటికి 40 వంతులును, స్త్రీలకును షెడ్యూల్డు కులములు, తెగలవారికిని నూటికి 60 వంతులును సహాయముగా నిచ్చు నేర్పాటు చేసిరి. సహాయ మెంత దొరకినను తక్కిన సొమ్ము రైతుదే. ఆ సొమ్ము తఱుచుగా అప్పే. అందువలన తొలుత 50 లీటర్ల తొట్టి యొకటి, పది రొయ్యలు, గాలిపంపు, స్పాంజి ఫిల్టరు, గుప్పెడు నాచు, ఇంతటితో ఒక సంవత్సరము నేర్చుకొని, పిమ్మట పెద్ద పనికి పూనుకొనుట మేలని మా యభిప్రాయము.

ఈ రొయ్యకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు నియోకారిడినా డేవిడీ. చీనా, తైవాను దేశముల వాగులు దీని పుట్టినిండ్లు. అచ్చట నిది మట్టిరంగుదే. మనము మంచి కంకులను విత్తనమునకు తీసిపెట్టినట్లు, ఎఱ్ఱదనము హెచ్చుగా నున్నవానిని తరతరములు ఏఱి పెంచుటచే నిప్పటి రంగు నిలిచినది. ఆడురొయ్య పొట్టక్రింద 20 మొదలు 30 వఱకు గ్రుడ్లను మోయుచు, ఇంచుమించు నెలదినములకు పిల్లలను విడుచును. గోదావరి జిల్లాలలో పెంచు నీలకంఠ రొయ్య పిల్లలకు తొలిదశలో కొంత ఉప్పునీరు కావలెను. ఈ చిన్న రొయ్య పిల్లలకు ఆ యక్కఱ లేదు. పుట్టినపుడే తల్లి యాకారముతో, ఒకటి రెండు మిల్లీమీటర్ల ప్రమాణమున, మంచినీటిలోనే తిరుగును. మూడు నెలలకు అవియు గ్రుడ్లు పెట్టు నీడునకు వచ్చును.

ఈ పిల్లలే పంట. తొట్టిలో పెద్ద రొయ్యలు పదిలముగానున్నను, పిల్లలు నిలువనిచో ఒకటి రెండేండ్లలో తొట్టి ఖాళీయగును, ఏలనన రొయ్య యాయువు అంతియే. చేప విషయమున మనము కనిపెట్టవలసినది దాని స్వభావము కంటె ముందు దాని నోరు. నోటిలో పట్టునది యేదైనను చేపకు మేతయే. సాధువని పేరుపొందిన చేప సైతము మిల్లీమీటరు పొడవుగల పిల్లరొయ్యను చూచి విడిచిపెట్టదు. మఱియొక సంగతి. రొయ్య పెరుగునపుడెల్ల పాము కుబుసము విడిచినట్లు పై పెంకును విడుచును. అట్టి దినమున దాని యొడలు మెత్తగా నుండి, దాగుటకు చోటు లేనిచో పెద్ద రొయ్యయే చేపకు ఆహారమగును. "నిన్నటివఱకు కలసి మెలసి యుండెను, నేడు రొయ్య కనబడదు" అని యాశ్చర్యపడువారికి సమాధాన మిదియే.

నోటి తరువాత చూడవలసినది నీరు. అంగడిలో రంగుచేపలను ఎంచుకొనువారు కన్నులతో ఎంచుకొందురు. నీటితో ఎంచుకొనువారు అరుదు. మన బోరునీరు కాచిన గిన్నెయడుగున తెల్లని సున్నపు పొర నిలుచుట ఇంటింట చూచుచున్నదే. తుంగభద్ర దిగువ కాలువ నీరందు గ్రామములలో నీరు సాధారణముగా కొంత మేలు; బోరునే నమ్ముకొన్న ఆస్పరి వంటి మెట్టచోట్ల గట్టినీరే గతి. ఈ నీరు చెర్రీ రొయ్యకు హానికరము కాదు. పైగా దాని పెంకునకు కావలసిన సున్నము ఇందు దొరకును. అయితే అదే అంగడిలో అమ్ము నలుపు తెలుపు చాఱల "బీ" రొయ్య మెత్తని, కొంచెము పులిసిన నీటిని కోరును గనుక, అది యెంత చక్కగా కనబడినను మనము దాని జోలికి పోరాదు.

చేపలకును ఇదే న్యాయము. నియాన్ టెట్రా యను నీలి ఎఱ్ఱ చాఱల చేప దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీప్రాంతమున, ఆకులు కుళ్లి తేనీటివలె నల్లబడిన మెత్తని నీట పుట్టినది. బ్రెజిలు దేశపు నిప్పుకణికవంటి ఎంబర్ టెట్రాయు, బోర్నియో ద్వీపపు మిరపపండు రంగుగల చిల్లి రాస్బోరాయు అట్టివే. ఈ తుదిరెండును రెండు సెంటీమీటర్ల చేపలు, నోరు మిక్కిలి చిన్నది; రొయ్యలకు తోడుగా పుస్తకములలో వీనినే ముందు చెప్పుదురు. ఆ మాట నిజమే గాని ఆ పుస్తకములు మన బోరునీటిని చూచి వ్రాసినవి కావు. పెంపకములో పుట్టినవి కొంత సర్దుకొన్నను, మన గట్టినీటిలో వీనిని దీర్ఘకాలము నిలుపుట కష్టము. వాననీరు పట్టి నిలువచేసికొనుటకు శక్తిగలవారు మాత్రమే వీనిని తలపవలెను.

గట్టినీటిలో పుట్టి, గట్టినీటిలో వర్ధిల్లు చేపలలో ముందు చెప్పదగినది గప్పీ. దీని జన్మస్థానము ట్రినిడాడు ద్వీపమును, వెనిజులా మున్నగు ప్రక్కదేశములును. ట్రినిడాడులో నివసించిన గప్పీ యను దొర పంపిన చేపలను బట్టి 1866లో లండనులో ఆయన పేరే దీనికి పెట్టిరి. దోమపిల్లలను తినును గనుక 20వ శతాబ్దారంభముననే దీనిని మన దేశమునకు తెచ్చిరి. 1928లో ఇటలీనుండి తెచ్చిన గంబూసియా చేపయు ఆ పనికే. పల్లెలలోని బావులలోను, గుంటలలోను మలేరియా శాఖవారు వదలినది ఈ గంబూసియానే. రెండును చూపునకు దగ్గఱగా నుండుటచే గుంటలో పట్టిన గంబూసియాను గప్పీయని తెచ్చి తొట్టిలో వేయుట కలదు. అది చేయరాదు. గంబూసియా తోడిచేపల తోకలనే కొఱికి చింపు తుంటరి. రొయ్యపిల్ల దానికి లెక్కయే కాదు.

గప్పీ గంబూసియా అంతటి దుష్టజంతువు కాకున్నను, ఆడుగప్పీ తాను కన్న పిల్లలనే తినును. రొయ్యపిల్లను దయతలచు ననుకొనుట వెఱ్ఱి. అదియునుగాక ఒక్కసారి మగదానితో కూడిన ఆడుగప్పీ ఆ బీజమును నెలలతరబడి లోన నిలుపుకొని, నెలకొక యీత ఈనుచుండును. ఆఱు మాసములలో తొట్టినిండ గప్పీలే యగును. వాని మలమూత్రములచే నీరు చెడి రొయ్యలు చచ్చును. కావున మగ గప్పీలను మాత్రమే కొనవలెను. మగది చిన్నది, నోరును చిన్నది, రంగులన్నియు దానివే. ఆడుదానికి రంగు తక్కువ, నోరు పెద్ద, కడుపు పెద్ద. తోక విసనకఱ్ఱవలె మిక్కిలి పెద్దదిగా పెంచిన రకములు వేగముగ ఈదలేవు గనుక రొయ్యలకు మఱింత క్షేమము. కాని బరువైన తోక త్వరగా కుళ్లు పట్టును. నడిమిరకపు తోకగలవే మేలు.

గప్పీకి దాయాదియగు మఱియొక చేప కలదు. దానిని ఎండ్లర్ చేప యందురు. వెనిజులా దేశమున కుమనా పట్టణ సమీపమునగల యొక మడుగున 1975లో జాన్ ఎండ్లర్ అను శాస్త్రజ్ఞుడు దీనిని పట్టినందున ఆ పేరు నిలిచినది. శాస్త్రీయముగ ప్రత్యేక నామకరణము 2005లో జరిగినది. ఆ మడుగునీరు గట్టిది, వెచ్చనిది. మన తొట్టినీరును అట్టిదే గదా! మగది ఒక అంగుళము మించదు. నారింజ, నలుపు, పచ్చ చుక్కలతో మెఱయుచుండును. ఆస్పరి ప్రాంతమున రొయ్యల తొట్టికి ఒక్కటే చేపను చెప్పుమని యెవరైన అడిగినచో మేము ఈ మగ ఎండ్లర్ చేపనే చెప్పుదుము. గప్పీతో సులభముగ సంకరమగుటచే అంగడిలో అచ్చమైన జాతి దొరకుట అరుదు. మగవానినే పెంచువారికి ఆ చింత లేదు.

రొయ్యపిల్లను ఏమియు చేయని చేప యేదియు లేదా యని యడుగుదురు. ఆటోసింక్లస్ అను చిన్న నాచుమేపు చేప యొకటి కలదు. గాజుకు నోటితో అంటుకొని పాచిని గీకి తినును, రొయ్యల జోలికి పోదు. అయితే ఇది తఱుచుగా దక్షిణ అమెరికా యేఱులలో పట్టి తెచ్చినదే గాని పెంపకపుది కాదు. కొత్త తొట్టిలో పాచి లేక ఆకలిచే చచ్చును. తొట్టి పాతబడి, గాజుమీద పచ్చని పొర నిలిచిన పిదప మాత్రమే తేవలెను. పాచి తినునని చెప్పి అంగడివారు దీనికి బదులుగా నల్లని గరుకుచర్మపు సక్కరు చేపను అంటగట్టుదురు. అది చేతివ్రేలంత యున్నపుడు ముద్దుగానే యుండును. అడుగు పొడవు దాటి పెరుగును. కోస్తా జిల్లాలవారు దయ్యపు చేప యని తిట్టుకొనునది ఈ జాతియే. అచ్చటి చెఱువులలోను, కాలువలలోను ప్రబలి వలలను చించి పాడుచేయుచున్నది. ఎవరో తొట్టిలో పట్టక నీట విడిచినవే అట్లు పెరిగినవి.

చిన్నదైనంత మాత్రమున క్షేమమని తలచుటయు తప్పే. కేరళమున పంబానది మొదలగు చోట్లనుండు బఠాణీగింజవంటి బుడగచేప యొకటి కలదు. 1941లో హోరా, నాయర్ అను పండితులు దీనిని తొలుత వర్ణించిరి. పొడవు అంగుళము కూడ లేదు, బంగారు ఛాయ, గుండ్రని కన్నులు. చూచినవారు కొనక మానరు. కాని దాని నోట పండ్లు గట్టి ముక్కువలె నతికియుండి, నత్తగుల్లను సైతము పగులగొట్టును. రొయ్యను కాళ్లనుండి ఆరంభించి కొఱికివేయును. ఈశాన్య భారతపు ఎఱ్ఱని చిట్టిచేప డారియో కూడ రెండు సెంటీమీటర్లే. పొడిమేత ముట్టక బ్రతికిన పురుగునే కోరును గనుక రొయ్యపిల్లలే దానికి విందు. బెట్టా యను పోట్లాట చేప సంగతి చెప్పనక్కఱలేదు. బంగారుచేప, ఏంజల్ చేప, మోలీ పెద్దవి. అవి యున్నచోట పిల్లరొయ్యలు దక్కవు.

మన వాగులలో దొరకు పరిగెపిల్లలను ఊరకే తెచ్చి వేయవచ్చును గదా యని కొందఱు తలతురు. పరిగెలు పిల్లలుగా నున్నంతకాలము బాగుగనే యుండి, పెరిగినకొలది అడుగున దేవి రొయ్యలను వెదకును. నెత్తిమీద వెండిచుక్కతో నీటిపైభాగమున తిరుగు చిన్నచేప దోమపిల్లలను తినుటలో గట్టిదే గాని, దాని నోరు తలంత వెడల్పు. పైగా మూతలేని తొట్టినుండి ఎగిరి క్రింద పడును. గుంటలలోని దేశవాళీ రొయ్యలను గూడ ఎఱ్ఱరొయ్యలతో కలుపరాదు. పొడవైన పట్టుచేతులు గలవి రాత్రివేళ నిద్రించు చేపలనే పట్టును.

ఇక మన ఎండకాలము. ఈ రొయ్యకు 18 మొదలు 28 డిగ్రీల వఱకు గల వేడిమి సుఖము. 30 దాటిన కొలది కష్టము. మనకు చైత్ర వైశాఖములలో గాలి వేడిమి 40 డిగ్రీలు దాటును. నీరు వేడెక్కినకొలది అందలి ప్రాణవాయువు తగ్గును: 20 డిగ్రీలలో లీటరునకు 9 మిల్లీగ్రాములుండునది 30 డిగ్రీలలో ఏడున్నరకు దిగును. చేప లెక్కువైనచో ఆ యున్నదియు చాలదు. మయన్మారు కొండలలో 2006లో కనుగొనిన ముత్యాలచుక్కల డానియో మన గట్టినీటికి సరిపడును, నోరును చిన్నదే; కాని అది చల్లని నీటి జీవి యగుటచే వేసవిలో దానిని కాపాడుట దుర్లభము. చీనాదేశపు తెల్లమబ్బు చేపకును ఇదే దోషము. తొట్టిని రేకులకొట్టములో గాక మిద్దెయింటి లోపలి గదిలో నేలకు దగ్గఱగా నుంచి, ప్రక్కలకు తడిపిన గోనెపట్ట చుట్టి, పైకి గాలి తగులనిచ్చినచో, త్రాగునీటి కుండ చల్లబడు విధముననే తొట్టి నీరును కొన్ని డిగ్రీలు చల్లబడును. మన గాలి పొడిగా నుండుటయే ఇచ్చట మనకు మేలు. సముద్రతీరమువారికి ఈ యుపాయము ఇంత బాగుగ సాగదు. గోనె మాత్రము కొత్తది కావలెను, మందుమూటలు కట్టినది కారాదు.

ఎండచే ఆవిరియైన నీటిని బోరునీటితో నింపుట వలన కలుగు నష్టము పైకి తెలియదు. ఆవిరిగా పోవునది నీరే; ఉప్పు, సున్నము తొట్టిలోనే నిలుచును. లీటరునకు 600 మిల్లీగ్రాముల లవణములుగల నీటిని 50 లీటర్లు పోసితిమనుకొందము. అందలి లవణములు 30 గ్రాములు. పది లీటర్లు ఆవిరికాగా అదే నీటిని మఱల పోసినచో 6 గ్రాములు కొత్తగా చేరును. ఇట్లు అయిదు పర్యాయములు నింపుసరికి మఱి 30 గ్రాములు చేరి, లీటరునకు 1200 మిల్లీగ్రాములగును. వేసవిలో అయిదుసార్లు నింపుట యెంతసేపు! రొయ్యలు పెంకు విడువలేక చచ్చునది ఈ కాలముననే. తఱిగిన నీటి మేరకు వాననీటినిగాని, ఊరి ప్లాంటులో దొరకు ఆర్.ఓ. నీటినిగాని పోయవలెను. వారమునకొకసారి మురికినీరు తీసి మార్చునపుడు మాత్రము నిలువయుంచిన బోరునీరే వాడవచ్చును. పంచాయతి కుళాయినీటిలో బ్లీచింగు వాసన యున్నచో ఒక దినము వెడల్పు పాత్రలో నిలిపి వాడవలెను. నాలుగు వందల రూపాయలకు దొరకునట్టి టి.డి.ఎస్. మీటరు వంటిది నలుగురు కలసి యొకటి కొనుకొన్నను చాలును.

పత్తి పండించు మనవారికి ప్రత్యేకముగ చెప్పవలసిన మాట యొకటి యున్నది. రొయ్యయు, పురుగును జీవకోటిలో ఒకే వంశమువి. పత్తిపై పురుగును చంపుటకు కొట్టు సైపర్‌మెత్రిన్ వంటి మందు చేపకే మిక్కిలి విషము. రొయ్యకు అంతకంటెను విషము. మందు కొట్టి వచ్చినవాడు చేతులు కడిగికొన్నానని చెప్పి తొట్టిలో వ్రేలు ముంచిన చాలును. పిచికారీ డబ్బా, మందుసీసా, వానిని కడిగిన బకెట్టు తొట్టి దరికి రాగూడదు. దోమలకొఱకు ప్లగ్గునకు పెట్టు ద్రవమును, చక్రమును ఆ కోవలోనివే. రొయ్యల గదిలో వానిని వాడరాదు. తెగుళ్లకు వాడు మైలుతుత్తము, కాపర్ ఆక్సీక్లోరైడు గూడ అంతే. మన రక్తమున ఇనుమున్నట్లు రొయ్య రక్తమున రాగి యుండుట విచిత్రమే. అట్లయ్యును నీట కరగిన రాగి అతిస్వల్పమైనను దానిని చంపును. చేపల రోగములకు అంగడిలో నమ్ము మందులలో కొన్నిటియందు రాగి కలసియుండును గనుక, జబ్బుచేపకు రొయ్యల తొట్టిలోనే మందు వేయుట కూడదు.

తొట్టిని రెండుగా నేర్పఱచుకొనుట మా సలహా. అమ్మకమునకు పిల్లలు కావలసినవారు ఒక తొట్టిలో రొయ్యలనే యుంచి చేప నొక్కదానినైనను వేయరాదు. ఇందు మినహాయింపు లేదు. ఆటోసింక్లస్‌ను వేసినను దాని మురికి దానిదే. రెండవ తొట్టి చూపునకు. అందు జావా నాచు మూడవవంతు ఆక్రమించునట్లు పెంచి, పగిలిన కుండపెంకులు, బాదము ఎండుటాకులు రెండు మూడు అడుగున నుంచి, పెద్ద రొయ్యలు పదిహేనును, మగ ఎండ్లర్ లేదా మగ గప్పీలు అయిదును వేయవచ్చును. పిల్లలలో కొన్ని పోవును. నాచు దట్టమైనకొలది కొన్ని దక్కును. చేపకు మేత తగ్గించిన దినమున రొయ్యపిల్లలపై పడును గనుక, కొద్దికొద్దిగా పూటకొకసారి వేయవలెను. వేసినది రెండు నిమిషములలో చెల్లవలెను.

చెన్నపట్టణమందలి కొళత్తూరు రంగుచేపల వ్యాపారమునకు పెద్ద కేంద్రము. మన ఆస్పరిమీదుగా పోవు ఇనుపదారియే గుంతకల్లు, కడప, రేణిగుంటల మీదుగా ఆ పట్టణమునకు చేరును. అచ్చటినుండిగాని, హైదరాబాదు బెంగుళూరులనుండిగాని చేపలు తెప్పించువారు వేసవిని విడిచి కార్తీక మార్గశిరములలో తెప్పించుట మేలు. సంచిలోని నీటిని తొట్టిలో పోయక, మన నీటిని గ్లాసుతో కొంచెము కొంచెముగ సంచిలో చేర్చుచు గంటసేపు అలవాటుచేసి, పిమ్మట చేపలను మాత్రము వలతో తీసి వేఱొక పాత్రలో మూడు వారములు కనిపెట్టియుంచవలెను. తోక ముడిచికొనుట, తెల్లని చుక్కలు, గోడకు రాచుకొనుట కనబడినచో అచ్చటనే మందు వేయవలెను. ఆ నీటిని, ఆ వలను రొయ్యల తొట్టిలో ముంచరాదు. మూడు వారములు క్షేమముగా గడచిన యెడల ముందుగా రెండు చేపలనే రొయ్యలలో విడిచి, దీపము లార్పిన అరగంటకు బ్యాటరీదీపముతో చూడవలెను. రొయ్యలు నాచుపైకి వచ్చి మేయుచున్నచో తక్కిన మూటిని మఱునాడు విడువవచ్చును. మూలల దాగి కదలకున్నచో ఆ రెండింటిని తీసివేసి, అంగడివానికే తిరిగి యీయవలెను. ఊరి చెఱువులో మాత్రము వేయరాదు.